కారుకు అమ్మవారు పోయలేదు

ఫైబర్ బాడీకి మళ్లీ రంగు కొట్టాక బొబ్బలు లేస్తే మొదట అడగవలసిన మాట, దేంతో గీకారు అని. మా కాలంలో మొదట అడిగిన మాట, ఎవరు ముట్టారు అని. ఈ రెండు మాటల మధ్య ఒక ఆడమనిషి బతుకు నలిగింది.

దీని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న మా వీధి చివర కొత్తగా పెట్టిన పెయింటింగ్ షెడ్డు ముందు నుంచి పోతుంటే, లోపల ఇద్దరు పనివాళ్లు బొబ్బలు లేచిన బంపర్‌ను చూసి, పొద్దున ఎవరి మొహం చూసి వచ్చామో అని మాట్లాడుకుంటున్నారు. చేతిలో ఫోను, మూతికి ముసుగు, గాలి వడపోసే గది, అన్నీ ఉన్నాయి. బుద్ధి మాత్రం మా రోజుల్లో ఉన్నచోటే ఉంది. కడుపు మండి ఇంటికొచ్చి కాగితం పట్టుకున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాల తప్పులు మా కోడలు దిద్దింది. మాటలు దిద్దనివ్వలేదు. ఎంత జీతానికి చేరాను, ఎప్పుడు సొంత షెడ్డు పెట్టాను, అవన్నీ రాయను. వాటితో మీకు పని లేదు.

తారు అక్షరాలు

మానుకోట దిక్కు గూడూరు నుంచి పెళ్లి చేసుకుని జనగామ వచ్చేసరికి ఊళ్లో అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి నడుస్తోంది. బడులు మూతపడ్డాయి. బస్సులు రాళ్ల దెబ్బలు తిని వచ్చేవి. మా ఆయన ఐలయ్య డెంటింగ్ పనివాడు, అంటే సొట్టలు పోయిన రేకును కొట్టి సాపు చేసేవాడు. హన్మకొండ రోడ్డు మీద రాజమల్లు ఉస్తాద్ షెడ్డులో చేసేవాడు. పని ఎక్కువై మనుషులు చాలక, నన్ను కూడా వాటర్ పేపర్ పట్టడానికి రమ్మన్నారు. నీళ్లు చల్లుకుంటూ గరుకు కాగితంతో పాత రంగును నున్నగా రుద్దడం ఆ పని. వేళ్ల చివర్లు తెల్లగా నాని, సాయంత్రానికి అన్నం కలుపుకుంటే కారం మండేది.

ఒక రోజు లారీ ఒకటి వచ్చింది. దాని ఓనరు ఆంధ్రా ప్రాంతం మనిషి. లారీ పక్కన జై తెలంగాణ అని ఎవరో తారుతో రాశారు. దాని మీద రంగు కొట్టి ఇవ్వమన్నాడు. మా మాట యాసను ఆయన మళ్లీ మళ్లీ పలికి నవ్వుతుంటే నేను తల ఎత్తకుండా పేపర్ పట్టాను. తారును మొత్తం గీకాలంటే పొద్దు పోతుంది, పైన రెండు కోట్లు దట్టంగా కొట్టండి అన్నాడు ఉస్తాద్. కొట్టాము. లారీ మెరుస్తూ పోయింది.

వారం తిరగక ముందే మళ్లీ వచ్చింది. తారు రంగును తిని పైకి వచ్చింది. పచ్చ రంగు మీద గోధుమ రంగు అక్షరాలు, రాసినవాడు రాసినదానికంటే స్పష్టంగా జై తెలంగాణ అని కనబడుతున్నాయి. ఓనరు పేపర్ పట్టిన మా మీద అరిచాడు, కావాలనే చేశారన్నాడు.

అప్పుడు రాజమల్లు ఉస్తాద్ ముందుకొచ్చి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆళ్లననకు అన్నా. తొందరపడ్డది నేను. తారు మీద రంగు నిలవదని తెలిసి కూడ కొట్టిపిచ్చిన." రాత్రంతా కూర్చుని తనే గీకి, మళ్లీ కొట్టి ఇచ్చాడు.

కింద ఏది మిగిలితే అది పైకి వస్తుందని నాకు ఆ లారీ నేర్పింది. పనిలో తప్పు జరిగితే పెద్దవాడు ఎలా నిలబడాలో ఆ మనిషి నేర్పాడు. అందుకే తర్వాత జరిగింది నాకు అంత మంట.

రేకు వేరు, ఫైబర్ వేరు

మేమంతా రేకు మీద పెరిగినవాళ్లం. రేకు నీళ్లు తాగదు. దాని మీద పాత రంగు తీయాలంటే రిమూవర్ పూస్తాం. అది ఘాటు మందు. పూసిన కాసేపటికి రంగు ముడతలు పడి లేస్తుంది, బద్దతో గీకేస్తే తోలు ఒలిచినట్టు వస్తుంది. కడిగేస్తే రేకు తళతళలాడుతుంది.

ఎనభైల మొదట్లో విశ్వనాథం సేటు హైదరాబాద్‌లో ఒక పాత ఫైబర్ కారు కొన్నాడు. పత్తి, పెసలు టోకున కొనే వ్యాపారం ఆయనది. రేగొండ దాకా ఊళ్లు తిరుగుతాడు. ఆ కారు చిన్నది, తేలిక, తడితే ప్లాస్టిక్ బకెట్టు తట్టినట్టు చప్పుడు. నీలం రంగు బాగాలేదని ఆయన తల్లి అన్నది, మీగడ రంగు కొట్టమని మా షెడ్డుకు తెచ్చాడు. కొత్త జిన్నింగ్ మిల్లుకు ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ రోజు తల్లిని అందులో కూర్చోబెట్టుకుని మిల్లుకు పోవాలి.

అప్పటికి షెడ్డులో నాతోపాటు లచ్చవ్వ కూడా పేపర్ పట్టేది. ఆమెదీ గూడూరు దిక్కే. మొగుడు పాము కాటుతో పోయాడు. ముసలి అత్తతో ఒక్క గదిలో ఉండేది. మా పని లేనినాడు ఇళ్లకు సున్నాలు వేసేది. చెయ్యి చాలా నెమ్మది. ఆమె పట్టిన రేకు మీద వేలు పెడితే ఎక్కడ మొదలు, ఎక్కడ చివర తెలియదు. నోరు మాత్రం నెమ్మది కాదు.

లచ్చవ్వ, నేను తలుపులు పట్టాము. పాత రంగును మందు లేకుండా పేపర్‌తోనే సన్నగా రుద్దాం. ఫైబర్ మీద పైన గట్టి తోలు ఒకటి ఉంటుంది. అది పోకుండా రంగు వరకే తీశాం. అది తెలిసి చేసిందేమీ కాదు, లచ్చవ్వ చెయ్యే అంత. కప్పు, బానెట్ మిగిలాయి. ముహూర్తం దగ్గరికొచ్చింది. సేటు మనిషి పూటకోసారి వచ్చి పరేషాన్ చేస్తున్నాడు. మరునాడు పొద్దున మేము వచ్చేసరికి కప్పు, బానెట్ నగ్నంగా ఉన్నాయి. ఉస్తాద్ రిమూవర్ పూసి గీకేసి నీళ్లతో కడిగేశాడు. అడుగంటిన డబ్బా పక్కన పడి ఉంది. నేను వేలు పెట్టి చూశాను. రేకులా నున్నగా లేదు. మేక నాలుకలా గరుగ్గా, కొంచెం జిడ్డుగా ఉంది. ఎండనిద్దామా అన్నాను. ఫైబరుకు తుప్పు పడుతదా ఏంది, కొట్టండి అన్నాడు.

ఆ రోజే రంగు కింద వేసే ప్రైమర్ కొట్టాడు. దాని మీద లచ్చవ్వ పేపర్ పట్టింది. పైన మీగడ రంగు. ముహూర్తానికి కారు పోయింది. పెండ్లికూతురిలా ఉందని అందరూ అన్నారు.

వేపాకు కింద

ఎండలు ముదిరాయి. పది పదిహేను రోజులు కాగానే సేటు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. కప్పు మీద, బానెట్ మీద పెసర గింజంత బొబ్బలు, కొన్ని చోట్ల బఠాణీ అంత. ముందు సీటులో ఆయన తల్లి కూర్చుని ఉంది. మానుకోట పెద్ద కుటుంబంలో పుట్టిన మనిషి, సేటమ్మ అనేవాళ్లం.

ఆమె దిగకుండానే అన్నది: "దీనికి అమ్మవోసింది రాజమల్లూ. ఎవరు ముట్టిన్రు గీ బండిని?"

ఉస్తాద్ బొబ్బలు చూశాడు. ఒకదాన్ని గోటితో నొక్కాడు. ఆయనకు ఏమీ తెలియలేదని నేను నమ్మను. ముక్కు దగ్గర వేలు పెట్టుకుని వాసన చూశాడు, ఆ ఘాటు వాసన రెండడుగుల దూరంలో ఉన్న నాకు కూడా వచ్చింది. తారు లారీ దగ్గర నిలబడ్డ మనిషే ఈయన అనుకుని నేను ఎదురుచూశాను.

"రంగు కొట్టింది నేనే అవ్వా," అన్నాడు. "పేపర్ పట్టింది లచ్చవ్వ."

చూశారా. ఒక్క అబద్ధం లేదు. రెండూ నిజాలే. పేపర్ నేను కూడా పట్టాను, నా పేరు చెప్పలేదు. నా మొగుడు బతికి ఉన్నాడు, పక్కనే సుత్తె పట్టుకుని నిలబడి ఉన్నాడు. సేటమ్మకు కావలసిన పేరేదో ఆయనకు తెలుసు.

మొగుడు పోయినదాన్ని ముహూర్తం బండి మీద చెయ్యి పెట్టనిచ్చారా అని ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను. కారును ఇంటికి తీసుకుపోయారు. అమ్మవారు పోసినప్పుడు పిల్లలకు చేసేవన్నీ దానికి చేశారు. కప్పు మీద వేపాకు పరిచారు. ఎండలో పెట్టిన వేపాకు నీళ్లు, పసుపు నీళ్లు పొద్దున సాయంత్రం పోశారు. ఇంట్లో తాలింపు మానేశారని వాళ్ల పనిమనిషి చెప్పింది. నీళ్లు తాగిన ఫైబర్‌కు ఇంకా నీళ్లు. బొబ్బలు పగిలి పక్కన కొత్తవి లేచాయి. లేచినకొద్దీ లచ్చవ్వ పేరు ఊళ్లో తిరిగింది.

పెళ్లిళ్ల రోజులు. సున్నాలకు పిలిచే ఇళ్లు ఒకటొకటే మానేశాయి. మా షెడ్డుకు వచ్చిన జీపు డ్రైవరు కూడా, ఆమె ముట్టకుండా చూడండి అని వెళ్లాడు. ఉస్తాద్ ఆమెను కొన్నాళ్లు రావద్దన్నాడు.

లచ్చవ్వ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నా చెయ్యి వెట్టినకాడల్ల బొబ్బలొస్తయంటే, ముందుగాల మా అత్త మీద వెడ్దును గదక్కా," అన్నది.

నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. గూడూరులో అన్న దగ్గరికి పోతున్నానని, ఆయనతో అడవిలోకి బీడీల తునికాకు ఏరడానికి పోతానని చెప్పింది. అత్తను కూడా తీసుకుపోయింది.

పారెయ్యని ముక్క

నేను దేన్నీ పారేసే మనిషిని కాదు. అరిగిన వాటర్ పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి మూలలకు వాడతాను. ఆ కారు వచ్చినప్పుడు వెనక మడ్‌గార్డ్ చివర విరిగి ఉంటే, కోసేసిన ముక్కను, గుంటలు నింపే లప్పం ముద్ద కలుపుకోవడానికి దాచుకున్నాను. తట్టి చూస్తే అదే ఫైబర్, అదే నీలం రంగు.

ఆ ముక్కను రెండు భాగాలు చేస్తూ మధ్యలో గీత గీశాను. ఒక దిక్కు పేపర్‌తోనే రుద్దాను. ఇంకో దిక్కు, ఉస్తాద్ డబ్బా అడుగున మిగిలిన రిమూవర్‌ను కుంచెతో తీసి పూసి, గీకి, కడిగాను. రెంటి మీదా అదే ప్రైమర్, అదే రంగు. మా ఇంటి దాబా మీద ఎండలో పెట్టి, పొద్దున సాయంత్రం నీళ్లు చల్లాను, పసుపు కూడా కలిపి.

ఐలయ్యకు భయం. "ఉస్తాద్ కింద బతికేటోళ్లం. నీకెందుకే గీ లొల్లి?" అన్నాడు.

"రేకునైతె సాపు జేస్తవు, నీ నడుం సాపు జేసుకోరాదా?" అన్నాను. ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడు. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు.

మందు పూసిన దిక్కు బొబ్బలు లేచాయి. పేపర్ పట్టిన దిక్కు అద్దంలా ఉంది. ఒక బొబ్బను పిన్నుతో పొడిచాను. బంకబంకగా చుక్క వచ్చింది, మందు వాసన. మందు ఫైబర్ పైతోలును తినేసింది. లోపలికి దిగింది, వెనకాలే నీళ్లను కూడా పిలుచుకుంది. మీద రంగుతో మూత పెట్టాము. ఎండకు లోపలిది ఉబ్బి దారి వెతుక్కుంది. ఇంతే సంగతి. దీంట్లో దేవతా లేదు, ముండమోసిన చెయ్యీ లేదు.

సేటు వాకిట్లో

ముక్కను కొంగులో చుట్టుకుని సేటు ఇంటికి పోయాను. ఉస్తాద్‌ను కూడా పిలిపించమన్నాను, ఆయన లేకుండా ఒక్క మాట చెప్పనన్నాను. ఐలయ్య పిలవకుండానే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అది చాలు అనుకున్నాను.

కారు వాకిట్లో వేపాకు కింద ఉంది. సేటమ్మ అరుగు మీద. నేను ముక్కను సేటు చేతిలో పెట్టి ఏ దిక్కు ఏం చేశానో చెప్పాను. సేటు వ్యాపారం మనిషి, పత్తిని వేళ్లతో నలిపి ధర చెప్పేవాడు. గీత మీద బొటనవేలు అటూ ఇటూ జరిపి చూశాడు, ఉస్తాద్ వైపు చూశాడు.

ముక్క వేరు, కారు వేరు అన్నాడు ఉస్తాద్.

"అయితే కారునే చూడుర్రి," అన్నాను. "తలుపులు నాతోని లచ్చవ్వ గూడ పట్టింది. ఒక్క బొబ్బ ఉన్నదా? ఆమె చేతిల దోషముంటె ముందుగాల తలుపులకే రావాలె. ఉస్తాద్ మందు వూసిన కాడనే ఎందుకొచ్చినయి?"

సేటు తలుపుల చుట్టూ తిరిగి చెయ్యి పెట్టి చూశాడు. ఉస్తాద్ నేల చూశాడు. సేటమ్మ మాత్రం వదల్లేదు. ఏ మందు ఏం చేస్తే ఏమిటి, అసుంటి మనిషిని మంచి బండికి దగ్గర రానీయడమే తప్పు అన్నది.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది చెప్పారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

"అవ్వా, గీ కారుల ముందల సీటు మీద రోజు కూసునేది నువ్వే గద," అన్నాను. "నీ నొసట గూడ బొట్టు లేదు. నీ సీటుకు బొబ్బలొచ్చినయా?"

సేటు నన్ను గెంటేస్తాడనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు, తల్లి చెయ్యెత్తి ఆపింది. ఆమె కారు ముందు సీటు వైపు చాలాసేపు చూసింది. ఆ మాట ఆమెకు అంతకుముందు ఎవరో అని ఉంటారు, ఎప్పుడో, ఆమె కొత్తగా బొట్టు తీసిన రోజుల్లో. నాకు అలా అనిపించింది.

"ఆకులు తీయుర్రి," అన్నది. "బండిని ఎండనియ్యుర్రి."

కారును మళ్లీ చేసి ఇమ్మని సేటు అడిగాడు. నేను చేస్తాను, పేపర్ మాత్రం లచ్చవ్వే పడుతుంది అన్నాను. సేటమ్మ అవుననలేదు, కాదనలేదు, లేచి లోపలికి పోయింది. నేను దాన్ని అవునని తీసుకున్నాను.

దారిలో ఉస్తాద్ నాతో అన్నాడు, అందరి ముందల నా పరువు తీసినవని. "పోయిన పరువు లచ్చవ్వది ఉస్తాద్," అన్నాను. "తారు లారీ నాడు నువ్వు నిలవడ్డట్టు నిలవడితే నీది ఎక్కడికి వోయేది?" ఆయన బతికినంతకాలం ఆ తప్పు తనదని ఎవరితోనూ అనలేదు. రంగులు కలపడం నాకు ఆయనే నేర్పాడు. ఎండలో, నీడలో, దీపం ముందు ఒకే రంగును మూడుసార్లు చూడమని చెప్పింది ఆయనే. ఆ కన్ను ఉన్న మనిషి ఒక పేరు చెప్పేటప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. షెడ్డుకు పేరొచ్చాక, పెద్ద సేట్లు రావడం మొదలయ్యాక ఆయన నడుం వంగిందని నా లెక్క.

ఎలా బాగు చేశాం

పని నేర్చుకునేవాళ్లు ఇది చదవండి, మిగతాది మరిచిపోయినా సరే.

బొబ్బ పైన గీకి, లప్పం నింపి, మళ్లీ రంగు కొట్టకండి. అది తారు మీద కొట్టిన రంగే. బొబ్బలున్న భాగమంతా పొడి పేపర్‌తో ఫైబర్ కనబడేదాకా తీయాలి. నీళ్లు వద్దు, మందు వద్దు. రేకుకు తుప్పు పట్టకుండా కిరోసిన్ గుడ్డతో తుడిచే అలవాటు మా అందరికీ ఉంది, ఫైబర్ మీద అదీ వద్దు, దాన్ని కూడా తాగేస్తుంది. తర్వాత ఆరబెట్టాలి. మేము గాలి ఆడే నీడలో, పొద్దుటి ఎండలో వారాల తరబడి పెట్టాం. సేటు మనిషి వచ్చి అడిగితే, ఇంకా వాసన వస్తోంది చూడు అని ముక్కు దగ్గర పెట్టించాను. వాసన పూర్తిగా పోయి, గోరు దిగనంత గట్టిపడ్డాక, ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు రెసిన్ పూసి పైతోలు మళ్లీ కట్టాము. అది గట్టిపడ్డాక ప్రైమర్, ఆపైన రంగు పలచగా, ఒక కోటు వాసన పోయాక ఇంకో కోటు. తొందరపెట్టే ఓనరుకు బండి ఇవ్వకండి. ముహూర్తం తప్పితే ఇంకోటి దొరుకుతుంది.

లచ్చవ్వకు గూడూరు బస్సు కండక్టర్‌తో కబురు పంపాను. తునికాకు జిగురుతో నల్లబడ్డ వేళ్లతో వచ్చింది. జరిగిందంతా చెబితే మొదట అడిగింది, సేటమ్మకు ఆ మాట నిజంగా అన్నావా అని. అన్నానంటే తల కొట్టుకుంది.

పని నడుస్తుండగా ఒకరోజు సేటమ్మ రిక్షాలో ఉస్తాద్ షెడ్డు ముందుకు వచ్చింది. దిగలేదు. లచ్చవ్వ కప్పు మీద వంగి పేపర్ పడుతుంటే చూసి, చూసి, రిక్షా తిప్పమన్నది. కారు కప్పు మాత్రం తర్వాత అమ్మేసేదాకా ఒక్క బొబ్బ లేకుండా ఉంది.

లచ్చవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు నాతోనే చేసింది, మా సొంత షెడ్డులో కూడా. సున్నాల ఇళ్లు కొన్ని తిరిగి పిలిచాయి, కొన్ని పిలవలేదు. ఒక అలవాటు మాత్రం ఆమెకు మిగిలిపోయింది. ఏ బండి వచ్చినా పని మొదలుపెట్టే ముందు ఓనరు దగ్గరికి పోయి రెండు అరచేతులు తెరిచి చూపించేది. "మంచిగ జూస్కో సేటూ. తర్వాత నా చెయ్యి అనొద్దు," అనేది.

అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నాకు ఒక్కసారీ నవ్వు రాలేదు.